ఊడ దిగిన చేను

నాకు ఓపిక లేదని మా అత్త పెళ్లయిన నెలకే కనిపెట్టింది. అన్నం ఉడికిందా లేదా అని పదిసార్లు మూత తీసే చెయ్యి నాది. ఆ చెయ్యే గురువారం పొద్దున శనక్కాయ చేలో ఒక మొక్కను పీకింది.

"మళ్లీ పీకినావా మేరీ?" అన్నాడు గట్టు మీద నుంచి నా మొగుడు శేషన్న.

కాయలు చిటికెన వేలి గోరంత ఉన్నాయి. చిదిమితే నీళ్లే. శనక్కాయ పూత పైన పూస్తుంది. ఆ పూత నుంచి ఊడ, అంటే సన్నటి కాడ, నేలలోకి దిగుతుంది. కాయ మట్టిలోనే, ఎవరికీ కనపడకుండా కడుతుంది. ఊడ దిగాక మా పెద్దకడుబూరు వైపు ఎవరూ చేలో కలుపు గుంటక తోలరు, ఊరికే కాలు కూడా పెట్టరు. కదిలిస్తే ఊడ తెగుతుంది. ఇది తెలియని రైతు బిడ్డ లేదు. తెలిసి కూడా నేను రెండు రోజులకొకటి పీకుతున్నాను.

"కాయ కట్టిందో లేదో సూడొద్దా?" అన్నాను.

"కడతాది లే. పైన ఆకు పచ్చగుంది, అది సాలు."

ఏడు నెలలుగా శేషన్న తాగలేదు. తాగలేదని అంటున్నాడు, అంతే. నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాను. రోజూ పని నుంచి రాగానే అతని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తాను. అతను కళ్లు మూసుకుని నిలబడతాడు. పొద్దున్నే గట్టు మీద మోకాళ్లూని ఏదో గొణుక్కుంటాడు. దేవుడు తనను ఎలా మార్చాడో చర్చిలో అందరి ముందు సాక్ష్యం చెప్పమని పాస్టరు పిలిస్తే "ఇంకా కాదయ్యగారూ" అని వెనక వరసలో కూర్చుంటాడు. నిజంగా మారినవాడికి చెప్పడానికేం నొప్పి అని నాకు ఒళ్లు మండేది.

అయినా నాకు ఆ అనుమానం ఊరికే రాలేదు. పోయిన ఏడాది మా కూతురు స్వప్న పదో తరగతి పాసైన రోజు, మార్కుల కాగితం పట్టుకుని బస్సు దిగిన పిల్లను, ఈ మనిషి తూలుకుంటూ పోయి స్టాండులో పదిమంది ముందు చెంప మీద కొట్టాడు. ఎందుకు కొట్టాడో అతనికే తెలియదు. పిల్ల ఎమ్మిగనూరులో ఇంటర్‌లో చేరి, మళ్లీ ఊరి ముఖం చూడలేదు. సెలవులు కూడా హాస్టలు పక్కనే ఉన్న మా చెల్లెలి ఇంట్లోనే గడుపుతోంది.

ముందు రోజు, బుధవారం, స్వప్నే ఫోన్ చేసింది. "అమ్మా, ఆదివారం ఇంటికి రావాలని ఉండాది. నాయన నిజంగా మానినాడా? నువ్వు బాగా సూసి సెప్పు. నువ్వు సెప్తే వస్తా."

సూసి సెప్పు అంది కదా. చూద్దామనుకున్నాను.

ఊళ్లో ఆటో నడిపే బజారి అనే కుర్రాణ్ణి పిలిచి, ఆదోని నుంచి ఒక క్వార్టరు మందు సీసా తెమ్మన్నాను.

"ఎవరికక్కా?" అన్నాడు బిత్తరపోయి.

"నీకెందుకప్పా, తెచ్చియ్యి."

జొన్నల సంచి వెనక గోడలో ఒక గూడు ఉంది. శేషన్న తాగే రోజుల్లో సీసాలు దాచిన చోటు. అందులో పెట్టాను. మూత చుట్టూ నా పాత పచ్చచీర దారం ఒకటి చుట్టి ముడి వేశాను, ముట్టుకుంటే తెలియాలని. తెలివి నాకు తక్కువేం కాదు. "దేవా, నిన్నే నమ్ముకున్నాను" అని ప్రార్థన చేసి, ముడి గట్టిగా ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాను.

గురువారం సాయంత్రం జొన్నలు తెమ్మని లోపలికి పంపాను. చాలాసేపు రాలేదు. వచ్చి చేట నా ముందు పెట్టి బయటికి పోయాడు. వెళ్లి చూశాను. దారం దారంలాగే ఉంది.

శుక్రవారం అతను అన్నం ముట్టలేదు. చెంబుల కొద్దీ నీళ్లు తాగాడు. ఎండ లేకపోయినా చెమటలు పట్టాయి. ఒకసారి లోపలికి రెండడుగులు వేసి, గడప పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగాడు. అంతా నా కళ్లతో చూశాను. అప్పుడే ఆ సీసా తీసి పారేయవచ్చు. పారేయలేదు. ఆదివారానికి నాకు జవాబు కావాలి. ఆ పాపం నాదే, దాచుకోను.

శనివారం మధ్యాహ్నం కూలి నుంచి వచ్చేసరికి గూడు ఖాళీ. శేషన్న లేడు.

కొంగు బిగించి పరిగెత్తాను. దారిలో బజారి ఆటో ఆపాడు. "అన్న చేని తట్టు పోయినాడక్కా. పిలిస్తే పలకల్యా." నా కళ్లలోకి చూడకుండానే చెప్పాడు.

గట్టు చేరేసరికి శేషన్న కూర్చుని ఉన్నాడు. పక్కన సీసా. ఖాళీగా ఉంది. గాలంతా అదే వాసన.

"తాగినావా?" అని అరిచాను. "నా బిడ్డకు ఏం సెప్పాల నేను?"

అతను గుప్పిట విప్పాడు. అరచేతిలో పచ్చదారం.

"గూట్లో సీసా సూడంగానే దేవుడు పెట్టిన పరీక్ష అనుకున్యా. తర్వాత ఈ ముడి సూసినా. దేవుడు దారం కట్టి కాపలా కాయడు మేరీ."

నేను సీసా తీసి తిప్పి చూశాను.

"మూత తీసినా," అన్నాడు. "అబద్ధం సెప్పను. నోటి దాకా తెచ్చినా. ఆడ, గట్టు కింద పారబోసినా. సీసా ఇంకొక దినం ఇంట్లో ఉండింటే తాగిండేటోన్ని. లోపల ఏం జరుగుతాండాదో నాకే తెలీదు. దేవుడు ఏదో చేస్తాండాడని పట్టుకోని ఉండా, అంతే. దాన్ని నువ్వు దినామూ పీకి సూస్తాంటే ఎట్ల?"

అని లేచి, రోజూ లాగే నా ముందుకు వచ్చి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "సూసుకో."

ఒక్క అడుగు వేస్తే తెలిసిపోతుంది. నా ముక్కు ఎప్పుడూ తప్పు చెప్పలేదు. కాలు కదలబోయింది కూడా. అతని కనురెప్పలు వణుకుతున్నాయి. నిన్నటి నుంచి ఎండిపోయిన పెదవులు. ఏడు నెలలుగా ఈ మనిషిని నేను ఇలా ఎన్నిసార్లు నిలబెట్టానో లెక్క లేదు. సిగ్గేసింది.

వాసన చూడలేదు. ముఖం పక్కకు తిప్పుకుని ఫోన్ తీశాను.

"స్వప్నా, రేపు రామ్మా."

"నాయన మానినాడా? సూసినావా?"

"సూడల్యా. సూడబోయి తప్పు చేసినా. ఇంట్లో నేనే సీసా పెట్టినా." అంతా చెప్పాను, ఏడుస్తూనే చెప్పాను. "పారబోసినా అంటాండాడు. నమ్మినా. రేపేమైతాదో నాకు తెలీదు. నీకు భయముంటే రావద్దు."

శేషన్న కళ్లు తెరవలేదు.

"పొద్దున తొమ్మిది బస్సుకు వస్తా," అంది స్వప్న. "నాయనను స్టాండు కాడికి రమ్మను. నువ్వు వద్దు, నాయనే రావాల."

ఆ మాట అతనికి చెప్పాను. శేషన్న గట్టు మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. మా ముందు చేను పచ్చగా ఉంది. నా చేతులు ఒడిలోనే పెట్టుకున్నాను.