బండికి చోటు

కదిర్కామంలో ఇంటి ముందు నిలిపిన ముకుందన్ బండిని దొంగలు ఎత్తుకుపోయారు. నానా తిప్పలు పడి ఇన్సూరెన్సు డబ్బు రాబట్టి, కొత్తది కొన్నాడు. దానికి పాలసీ తీసుకోబోతే ముందుకంటే చాలా ఎక్కువ అడిగారు.

"క్లెయిమ్ చేశారు కదా సార్, ఇన్నేళ్లూ క్లెయిమ్ లేనందుకు ఇచ్చిన బోనస్ తగ్గింపు పోయింది," అన్నాడు ఏజెంటు.

"ఎవుడో దొంగతనం చేస్తే దండగ నాకా?" అని ముకుందన్ అరిచాడు. అరిచి, కట్టాడు.

ఆ సాయంత్రం బండిని ముందు గదిలోకి ఎక్కించాడు. అమ్మ ధనభాగ్యం మంచం తీస్తే తప్ప అక్కడ పట్టలేదు. ధనభాగ్యం బయట కురుస్తున్న వానను ఓసారి చూసి, చాపా దిండూ చంకన పెట్టుకుని అరుగు మీదికి నడిచింది.

"యాడో ఒకచోట పడుకుంటాలే. నన్నెవురు ఎత్తుకపోతార్రా?"

ముకుందన్ బండికి గొలుసు వేసి, లోపల్నుంచి తలుపు గడియ పెట్టాడు.