సుత్తి కనబడని తుపాకీ

ఓర్వల్‌ని అందరూ జడ్జిగారనే పిలుస్తారు. కౌబాయ్ గురిపోటీల్లో ఎవరూ సొంతపేరుతో ఆడరు, పాతకాలపు మారుపేరేదో పెట్టుకోవాలి. అతను పెట్టుకున్నది అదే. నిబంధనల పుస్తకం మొత్తం నోటికొచ్చు. అమెరికాలోని ఆ వయోమింగ్ క్లబ్బులో ఏ తుపాకీ చెల్లుతుందో ఏది చెల్లదో చెప్పేది అతనే. చెప్పాడంటే ఇక తిరుగులేదు.

పెద్దపోటీలో లీవరు లాగి వరసగా కాల్చే తుపాకులకే చోటు. ఒక్కో తూటా పెట్టి కాల్చే తుపాకులకి మిగిలింది శనివారం మధ్యాహ్నం జరిగే దూరం గురి ఒక్కటే. అందులో గెలిచినవాడికిచ్చే బెల్టు బకిల్ మూడేళ్లుగా ఓర్వల్ నడుమునే అంటిపెట్టుకుని ఉంది.

ఆ శనివారం నెబ్రాస్కా నుంచి ఆర్డిత్ అనే పెద్దావిడ వచ్చింది. పొడుగు గౌను, గడ్డిటోపీ, చేతిలో భర్త మెర్ల్ తుపాకీ. మెర్ల్ పోయి ఏడాది కాలేదు. పోయేముందు మంచం మీద కూర్చుని, వణికే చేతుల్తోనే మందు కూరి ఓ పెట్టెడు తూటాలు నింపాడట.

"వీటిని పోటీలో, ఆయన తుపాకీతోనే కాల్చాలి నాయనా. అంతే, ఇంకేం వద్దు" అంది ఓర్వల్‌తో.

ఓర్వల్ స్నేహితుడు క్లీట్ అతని చెవిలో గొణిగాడు. "ఈవిడ అక్కడ మొగుణ్ణే ఓడించేదట. నీ బకిల్ హుళక్కే జడ్జీ!"

ఓర్వల్ తుపాకీ అందుకుని తిప్పి చూశాడు. వెనక, తూటాని కొట్టి పేల్చే సుత్తి కనబడలేదు, లోపలెక్కడో దాక్కుని ఉంది. "సుత్తి బయటికి కనబడాలమ్మా. ఇది చెల్లదు" అన్నాడు, అందరికీ వినబడేలా.

అంటున్నప్పుడే అతనికి తెలుసు. సుత్తి లోపలున్నా సరే, అది నిజంగా పాతకాలంలో చేసిన రకమే కాబట్టి ఆ ఒక్క రకానికి క్లబ్బు మినహాయింపిచ్చింది. కిందటేడు ఆ మాట అందరికీ చదివి వినిపించిందీ తనే. విన్నవాళ్లకి గుర్తులేదు. గుర్తున్నవాడు నోరు మూసుకున్నాడు. ఛీ, ఏం మనిషండీ!

ఆవిడ వాదించలేదు. బయటినుంచి వచ్చినవాళ్లు జడ్జి మాటకి ఎదురు చెప్పకపోవడం అక్కడి పద్ధతి. "నిబంధన నిబంధనే. మెర్ల్ కూడా అలాగే అనేవాడు" అంది. ఓర్వల్ తుపాకీ వంక చూసింది. "నీదానిక్కూడా ఇదే తూటా కదూ?"

"అవునమ్మా."

"అయితే ఇవి నువ్వు కాల్చు. ఇంటికి తీసుకెళ్లి ఏం చేసుకోను? పోటీలో పేలితే చాలు."

మందు ఎక్కువైతే తుపాకీయే పగిలిపోతుందని, పరాయివాళ్లు నింపిన తూటాలు కాల్చేవాడు ఆ మైదానంలో ఒక్కడూ లేడు. ఆ సాకు ఓర్వల్ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాటంటే మెర్ల్ పనితనాన్ని శంకించినట్టవుతుంది. నిజం చెబుదామంటే చుట్టూ అంతమంది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా చెయ్యి చాపాడు.

గాలివాటం చెప్పడానికి ఆవిడే దుర్భిణి పట్టుకుని పక్కన కూర్చుంది. నాలుగొందల గజాల అవతల ఇనప దున్నబొమ్మ, అదే గురి. గాలి ఈడ్చి కొడుతోంది.

"కాస్త ఎడమకి నాయనా... ఆఁ, అదీ!"

పేలింది. పొగ తేలిపోతుండగా అవతల ఠంగుమంది. ఠంగుమన్నప్పుడల్లా ఆవిడ చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. ఒక్కటైనా తప్పిపోతే బాగుండునని ఓర్వల్ ప్రాణం కొట్టుకుంది. పాడుచెయ్యి మాత్రం గురి తప్పలేదు. పెట్టె ఖాళీ అయింది.

"ఈ ఏడూ జడ్జిగారే!" అంటూ క్లీట్ భుజం చరిచాడు. బకిల్ తెచ్చి చేతిలో పెట్టారు. ఆర్డిత్ పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఏరుకుని జేబులో వేసుకుంటోంది.

ఇక ఓర్వల్ వల్ల కాలేదు. "ఆగండర్రా! ఆ తుపాకీ చెల్లుతుంది. దానికి మినహాయింపుంది" అన్నాడు.

"మర్చిపోయుంటావులే. వయసు మీద పడుతోందిగా!" అని క్లీట్ నవ్వబోయాడు.

"మర్చిపోలేదు. చెల్లదన్నప్పుడు కూడా నాకు తెలుసు."

ఓర్వల్ తల వంచుకునే ఆవిడ దగ్గరికెళ్లి బకిల్ చాపాడు. "మీ తుపాకీ తెచ్చుకోండమ్మా. ఇప్పుడే కాలుద్దురుగాని. నా తూటాలిస్తాను."

ఆవిడ బకిల్ ముట్టుకోలేదు.

"నీ తూటాలు నాకెందుకు నాయనా?" అంది, కోపం లేకుండానే. కోప్పడి ఉంటే అతను బతికిపోయేవాడు. "మెర్ల్ తూటా ఒక్కటీ తప్పలేదు. అది కళ్లారా చూశాను, సంతోషంగా ఇంటికెళదామనుకున్నాను. ఎలాంటి చేతిలో పేలాయో, అదొక్కటీ నాకు చెప్పకుండా ఉండాల్సింది."