డిమ్ము, బ్రైటు

నబీ సాహెబ్ పాత హెడ్‌లైట్లు రెండూ ఊడదీసి గోనెపట్టా మీద పెట్టాడు. లోపలి వెండిపూత ఎప్పుడో రాలిపోయింది. అద్దాల మీద పసుప్పచ్చటి పొర పట్టింది. ఒకదాన్ని చొక్కా అంచుతో తుడిచి చూశాడు. పొర పోలేదు.

కారు ముఖాన ఇప్పుడు రెండు ఖాళీలు. వాటిలోంచి వైర్లు వేలాడుతున్నాయి. చాలా చేతులు మారి వచ్చిన మారుతి అది. ఏ చేతికి వచ్చినప్పుడు ఆ చేతివాళ్ళు ఒక వైరు తెంపి, ఇంకో వైరు అతికించి, పైన టేపు చుట్టారు. నబీ సాహెబ్ ఆ టేపులను బ్లేడుతో ఒక్కొక్కటే కోస్తున్నాడు. తెనాలి మారిస్‌పేటలో బండ్ల లైట్లు బాగుచేసే సొంత షెడ్డు ఉన్నన్నాళ్ళూ ఇట్లాంటి అతుకులు కనిపిస్తే, వేసినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఇవాళ తిట్టలేదు. చీకటి పడేలోపు పని అయిపోవాలి.

"ఇంకెంతసేపు?" అంది రహీమున్నీసా గడప మీద కూర్చుని.

"ఇప్పుడేగా మొదలెట్టింది."

"పొద్దున టిఫిన్ తింటా కూడా ఇదే మాటన్నావు."

ఆమె కాళ్ళు రెండూ పీట మీద పెట్టుకుంది. నీరు దిగి మడమలు కనిపించడం లేదు. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట చాలాసేపటికి గానీ పూడడం లేదు. తన చెప్పులు పట్టక నాలుగు రోజులుగా అతని చెప్పులే వేసుకుంటోంది. మాట్లాడితే ఆయాసం వస్తోంది. అయినా మాట్లాడడం మానలేదు.

ఆమెకు రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. రేపల్లె నుంచి తెనాలి ఆస్పత్రికి వెళ్ళి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. ఆమెకు దొరికింది చివరి వంతు. అది పూర్తయి బయటికొచ్చేసరికి చీకటి పడిపోతుంది. మిషను మీదనుంచి లేచిన మనిషికి బస్సులో నిలబడే ఓపిక ఉండదు. అందుకని నబీ సాహెబ్ ఈ కారు కొన్నాడు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ బండ్లన్నిటికీ లైట్లు వేసిన మనిషి తన సొంత బండి లైట్లను పట్టించుకోలేదు. ఎండాకాలం సాయంత్రాలు పెద్దవి కాబట్టి గడిచింది. చలికాలం వచ్చేసరికి గడవలేదు.

కిందటి శనివారం తిరిగి వస్తుంటే జంపని దాటాక గడ్డి వేసుకున్న ట్రాక్టరు ఒకటి ముందు వెళ్తోంది. దాని వెనక లైటు లేదు. దగ్గరికి వెళ్ళేదాకా నబీ సాహెబ్‌కు కనపడలేదు. స్టీరింగు కోస్తే కారు ఎడమ చక్రాలు మార్జిన్ దిగి కాలవ గట్టు మీదికి వెళ్ళి ఆగాయి. కింద నీళ్ళు. రహీమున్నీసా ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, పడుకుంది. సోమవారం వంతు వచ్చినప్పుడు మాత్రం మంచం దిగలేదు.

"నేను రాను. నా మానాన నేను పోతా. నిన్ను గూడా కాలవలోకి తీసకపోమంటావా? మన ముబీనాకి ఇద్దరం ఒక్కసారే పోవాలా?"

బతిమాలాడు. కోప్పడ్డాడు. బాపట్లలో ఉన్న కూతురు ముబీనాకి ఫోన్ చేసి చెప్పించాడు. చివరికి ఆమే దారి చూపించింది.

"మంచి లైట్లు ఎయ్యి, వస్తా. ఎయ్యకపోతే రాను. అంతే."

రేపు గురువారం. రేపటి వంతు కూడా తప్పితే ఏమవుతుందో ఆస్పత్రిలో నర్సు అతనికి విడిగా చెప్పింది. నిన్న తెనాలి వెళ్ళి కొత్త హెడ్‌లైట్లు, రిలేలు, వైరు తెచ్చుకున్నాడు.

ఎదురింటి జ్ఞానమ్మ బిందె దించి గేటు దగ్గర నిలబడింది. కారు ముక్కు ఆమె ప్రహరీగోడ వైపే ఉంది. గోడ మీద నబీ సాహెబ్ సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు. డిమ్ములో వెలుగు ఆ గీత దాటి పైకి పోకూడదు. పోతే ఎదురొచ్చేవాళ్ళ కళ్ళల్లో పడుతుంది.

"ఏంటన్నయ్యా, మా గోడ మీద సినిమా ఏస్తన్నావా?"

"టిక్కెట్టు లేదులే చెల్లెమ్మా, కుర్చీ ఏసుకో."

"బండికి కాదు జ్ఞానమ్మా," అంది రహీమున్నీసా గడప మీద నుంచి, "ఈయన కళ్ళకి బిగించాలి ఆ లైట్లు."

"ఏం తిన్నావు వదినా పొద్దున?"

"ఏం తింటాను. అరటిపండు వద్దన్నారు, కొబ్బరినీళ్ళు వద్దన్నారు. దాహమేస్తే గ్లాసు చూసి గుటకెయ్యమన్నారు."

జ్ఞానమ్మ నవ్వబోయి ఆమె కాళ్ళ వంక చూసింది. నవ్వు ఆపేసి, "రేపు చక్కగా ఎళ్ళొస్తావులే. ప్రార్థనలో చెప్తా," అని లోపలికి వెళ్ళింది.

పాత వైర్ల నుంచి కరెంటు నేరుగా లైట్లకు వెళ్తే కొత్త లైట్ల బరువు అవి మొయ్యలేవు. అందుకని నబీ సాహెబ్ బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి, అక్కడినుంచి లావు వైరు లాగి, మధ్యలో రిలేలు బిగించాడు. స్విచ్చు వేస్తే రిలే టక్కుమంటుంది. అప్పుడే కరెంటు లైటుకు పోతుంది. ఎర్తు వైరు కలిపే చోట రంగును ఉప్పుకాగితంతో గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. రంగు మీద ఎర్తు ఇస్తే వర్షాకాలానికి లైటు మినుకుమంటుందని అతను ప్రతి డ్రైవరుకూ చెప్పేవాడు.

మధ్యాహ్నం నమాజు వేళకు పని ఆపి చేతులు కడుక్కున్నాడు. లోపలికి వెళ్తూ గడప దగ్గర వంగి, రెండు వేళ్ళు రహీమున్నీసా ఎడమ ముంజేతి మీద ఆనించాడు. మిషనుకు ఎక్కించడానికి డాక్టర్లు నరాలు కలిపిన చోటు అది. చర్మం కింద తాడు చుట్టినట్టు ఉబ్బి, ముట్టుకుంటే లోపల జుమ్మని అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఆగకుండా చూసుకోమని మొదట్లోనే చెప్పారు. అప్పటినుంచి ఇంట్లో అది ఒక అలవాటైంది.

"కరెంటుందా?"

"ఉంది."

"ఎక్కువుందా తక్కువుందా?"

"నీ నోటికి సరిపడా ఉంది."

ఆమె అతని చేతిని తట్టేసింది.

రహీమున్నీసా బాపట్లలో పరుపులు కుట్టే ఇంటి పిల్ల. పెళ్ళై వచ్చిన కొత్తలో మారిస్‌పేట షెడ్డుకు అన్నం క్యారియరు తీసుకుని వెళ్ళింది. దుగ్గిరాల యార్డు నుంచి పసుపు బస్తాలు ఎత్తుకోవాల్సిన లారీ ఒకటి అక్కడ ఆగి ఉంది. పనివాడు రాలేదు. క్యాబిన్‌లో ఎవరో ఒకరు కూర్చుని స్విచ్చులు వేస్తేనే గాని ముందు నిలబడ్డవాడికి ఏ లైటు వెలుగుతోందో తెలియదు. ఆమె క్యారియరు కింద పెట్టి, కొంగు దోపి, లారీ ఎక్కింది. డ్రైవరు నోరు తెరుచుకుని చూశాడు. అత్తగారి వైపు వాళ్ళు ఆరు నెలలు ఆ మాటే చెప్పుకున్నారు. ఆమె దిగలేదు. ఆ తర్వాత షెడ్డుకు వచ్చిన ప్రతి బండీ ఎక్కింది. చెరుకు లారీలు, ఇటుక లారీలు, పెళ్ళి కార్లు. ఒక్క బండి కూడా నడపడం రాదు. కానీ నబీ సాహెబ్ బానెట్ వెనకనుంచి "డిమ్ము" అంటే డిమ్ము, "బ్రైటు" అంటే బ్రైటు, "బ్రేకు" అంటే బ్రేకు. పని జరుగుతున్నంతసేపూ ఎత్తిన బానెట్ ఇద్దరి మధ్యా ఉండేది. ఆమె ముఖం కనిపించేది కాదు. "ఏశా" అన్న గొంతు మాత్రం వినిపించేది.

కొత్త లారీలకు కంప్యూటర్లు వచ్చాక షెడ్డుకు బండ్లు తగ్గాయి. మూసేసి రేపల్లె వచ్చేశారు. ఆమె స్విచ్చు ముట్టుకుని చాలా కాలమైంది.

పొద్దు వాలింది. కొత్త లైట్లు ఖాళీల్లో కూర్చున్నాయి. నబీ సాహెబ్ చివరి టేపు చుట్టి, వైర్లు రేడియేటరుకు తగలకుండా కట్టి, నడుం పట్టుకుని లేచాడు.

"కాస్త ఆ జ్ఞానమ్మను పిలుస్తా. స్విచ్చు ఏస్తది."

"జ్ఞానమ్మకేం తెలుసు డిమ్ము బ్రైటు?" అని రహీమున్నీసా గుమ్మం పట్టుకుని లేచింది. "నేనేస్తా."

"నీకు ఆయాసం."

"కూర్చునే పనేగా. లైట్లు నేను చూడందే రేపు బండెక్కను, చెప్తన్నా."

అతని భుజం పట్టుకుని నడిచింది. మూడుచోట్ల ఆగింది. తలుపు తీసి లోపల కూర్చున్నాక చాలాసేపు కళ్ళు మూసుకుంది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"పో," అంది కళ్ళు తెరవకుండానే. "నన్ను చూస్తా నిలబడితే లైట్లు వస్తాయా?"

నబీ సాహెబ్ ముందుకు వెళ్ళి బానెట్ కింద తల పెట్టాడు.

"ఏస్కో."

టక్. జ్ఞానమ్మ గోడ తెల్లగా వెలిగింది. గోడ పెచ్చులు, వాటి నీడలు, సుద్దగీత, అన్నీ కనిపించాయి.

"వచ్చినయ్యా?"

"వచ్చినయ్. పట్టపగల్లాగా ఉంది. రేపు తెనాలి రోడ్డు మీద చీమ పోతన్నా కనపడుద్ది."

"చీమ సంగతెందుకు. ట్రాక్టరు కనపడితే చాలు."

అతను నవ్వాడు. లోపలినుంచి ఆమె నవ్వు కూడా వినిపించి, దగ్గులోకి తిరిగింది.

"బ్రైటు."

"ఏశా."

"డిమ్ము."

"ఏశా." ఊపిరి తీసుకుంది. "ఇదిగో, నేనింక అరవలేను. రిలే టక్కుమంటది గదా. అదే నా మాటనుకో."

"సరే."

కుడి లైటు కొంచెం పైకి కొడుతోంది. స్క్రూడ్రైవరుతో మర తిప్పాడు. వెలుగు గోడ మీద నెమ్మదిగా జారి గీత కిందికి వచ్చింది. "బ్రైటు," అన్నాడు. టక్. వెలుగు గోడ దాటి వెనక వేపచెట్టు మీదికి ఎక్కింది. బాగుంది. ఎడమదాని మర పట్టుకున్నాడు. అది తుప్పు పట్టింది. నూనె చుక్క వేసి, నానేదాకా ఆగి, తిప్పాడు. మసీదులో సాయంత్రం నమాజుకు పిలిచే మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఇది ఒక్కటీ సరిచేసి పోదామనుకున్నాడు.

"డిమ్ము."

రిలే టక్కుమనలేదు. వెలుగు వేపచెట్టు మీదే ఉంది.

"డిమ్మేయ్."

చెట్టు మీదే ఉంది. నబీ సాహెబ్ స్క్రూడ్రైవరు పిడితో రిలేను తట్టాడు. కొత్త రిలేలు ఒక్కోసారి అతుక్కుంటాయి. తట్టితే వదులుతాయి. వదల్లేదు. రిలేకు వచ్చే సన్నవైరు ఊడిందేమోనని లాగి చూశాడు. గట్టిగానే ఉంది. టెస్ట్ లైటు తెచ్చి పట్టాడు. స్విచ్చు నుంచి బ్రైటు వైరుకే కరెంటు వస్తోంది.

"గట్టిగా నొక్కు ఒకసారి."

రాలేదు.

అంటే పాత స్విచ్చే పట్టేసింది. స్విచ్చు పోతే రేపల్లెలో దొరకదు. తెనాలి వెళ్ళి వెతికి, తెచ్చి బిగించేసరికి రేపటి వంతు దాటిపోతుంది. సోమవారం వంతు ఇప్పటికే తప్పిన మనిషి. శనివారం దాకా ఎట్లా?

గొంతులో ఆ భయం తెలియకూడదనుకున్నాడు.

"నువ్వేం కంగారుపడబాక. స్విచ్చు పట్టినట్టుంది. అంతే. రాకపోతే దాన్ని తీసేసి విడిగా ఒక స్విచ్చు పెడతా. పొద్దున కల్లా అయిపోద్ది. ఎళ్దాం రేపు. ఎళ్తన్నాం."

వంగి, పనిముట్ల డబ్బాలో వెతుకుతూ, మళ్ళీ అన్నాడు.

"వచ్చేటప్పుడు తెనాల్లో నీకు గాజులు కొనాలి. మిషను చేతికి ఎట్టాగూ ఎయ్యకూడదు. రెండో చేతికి ఏసుకుందువు."

స్టీరింగు కింద మూత విప్పడానికి చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని, బానెట్ పక్కనుంచి తలుపు దగ్గరికి వచ్చాడు.

రహీమున్నీసా తల కిటికీ వైపు వాల్చి కూర్చుని ఉంది. కుడిచేతి వేళ్ళు స్విచ్చు మీదే ఉన్నాయి. నిద్రపోయిందనుకున్నాడు. పేరు పెట్టి పిలిచాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని, తలుపు తీసి, ఆమె తల తన పొట్టకు ఆనించుకున్నాడు. లోపలికి వంగి, ఒళ్ళో ఉన్న ఎడమచేతి మీద రెండు వేళ్ళు పెట్టాడు.

కాస్త పైకి జరిపి చూశాడు. కాస్త కిందికి జరిపి చూశాడు. గ్రీజు అడ్డం వస్తోందేమోనని వేళ్ళు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు.

వాకిట్లో దండెం మీద ఆరేసిన దుప్పటి తీసుకోవడానికి వచ్చిన జ్ఞానమ్మ, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "అబ్బ, కళ్ళు పోతన్నయ్ అన్నయ్యా, ఇంక ఆపు," అంది. అతను ఇంకా లోపలికి వంగి ఆ చేతి మీద వేళ్ళు జరుపుతూనే ఉన్నాడు. ఆమె దుప్పటి వదిలేసి సందు దాటి పరుగెత్తుకొచ్చింది.

సందులో వాళ్ళు వచ్చారు. రహీమున్నీసాను ఎత్తి లోపలికి తీసుకెళ్ళారు. ముబీనా బాపట్ల నుంచి వచ్చింది. కారు లైట్లు ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ వెలుగులోనే సందులో చాపలు వేశారు, కుర్చీలు సర్దారు. తెల్లవారేసరికి బ్యాటరీ అయిపోయి లైట్లు వాటంతటవే ఆరిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం నమాజు తర్వాత ఆమెను ఖననం చేశారు.

మూడోరోజు ఆమె పేర ఫాతిహా ప్రార్థన చదివించాక ముబీనా తండ్రి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, సందులో పాలబండి పట్టటం లేదంట. కారు ఒక పక్కకి తోయించనా?"

నబీ సాహెబ్ లేచాడు. నలుగురు కారు వెనక చేతులు వేసి నిలబడ్డారు. స్టీరింగు పట్టుకోవడానికి అతను తలుపు తీసి లోపల కాలు పెట్టాడు. మోకాలు స్టీరింగుకు కొట్టుకుంది. ఇంకో కాలు పెట్టడానికి చోటు లేదు.

ఎక్కిన ప్రతి బండిలోనూ రహీమున్నీసా మొదట చేసే పని ఒకటుంది. సీటు కింద కడ్డీ ఎత్తి, సీటును పూర్తిగా ముందుకు లాక్కోవడం. లేకపోతే ఆమె కాళ్ళు అందవు. ఆమె దిగాక అతను గొణుక్కుంటూ మళ్ళీ వెనక్కి తోసేవాడు. ప్రతిసారీ తోసేవాడు.

అతని చెయ్యి సీటు కిందికి వెళ్ళి కడ్డీని పట్టుకుంది. కాసేపు పట్టుకునే ఉన్నాడు.

"తొయ్యమంటావా బాబాయ్?" అన్నారు వెనకనుంచి.

కడ్డీ వదిలి బయటికి వచ్చి, తలుపు మెల్లగా వేశాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుని, "తొయ్యండి," అంటూ కారు పక్కన నడిచాడు.

లోపల సీటు స్టీరింగుకు ఆనుకుని, ఒక చిన్న మనిషికి సరిపోయేంత జాగా వదిలి, అట్లాగే ఉంది.