మా సందు మామూలు చప్పుడు

మా పక్కవాటాలోకి ఒక నర్సమ్మ అద్దెకు దిగింది. ఆవిడకి రాత్రి డ్యూటీలు. తెల్లవారి వచ్చి పడుకుంటుంది. సరిగ్గా ఆ వేళకే మేము దూది ఏకే మిషన్ తిప్పడం మొదలుపెడతాం. ముందుగది మా కొట్టు, వెనకగది మా కాపురం. గట్టిపడిపోయిన పరుపులూ దిండ్లూ విప్పి, దూదిని మిషన్లో వేసి ఏకి, మళ్ళీ నింపి కుట్టివ్వడం మా పని. ఆ మిషన్ కొట్టుకునే కొట్టుడుకి పక్కగోడ మీద క్యాలెండర్ కూడా ఊగుతుంది. కాదని నేనెప్పుడూ అనలేదు.

ఆవిడ మొదట మర్యాదగానే వచ్చి అడిగింది. "మధ్యాహ్నం దాకా ఆపుకోగలరా అక్కా?" అంది. "మధ్యాహ్నం దాకా ఆపితే మధ్యాహ్నం మేం తినేదేమిటమ్మా?" అన్నాను. నా నోరు అలాంటిది, పుట్టినప్పటి నుంచీ అంతే. ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కొద్దిరోజులకే నగరపాలక ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. చప్పుడు కొలవడానికి మనిషిని పంపుతారట. హద్దు దాటిందని తేలితే మిషన్‌కి సీలు వేస్తారట.

ఇలాంటి మిషన్ పెట్టుకోనిచ్చే ఇల్లు ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? మా ఆయనకి వేరే పని చేతకాదు. ఆ మిషన్ పక్కన ఏళ్ళ తరబడి నిలబడి చెవులు కూడా పోగొట్టుకున్నాడు. ఆయనకి ఏ మాట చెప్పాలన్నా నేను అరవాల్సిందే. చెవుడున్న మనిషికి ఈ వయసులో కొత్తగా పని ఎవరిస్తారు? మిషన్ పోతే మేము రోడ్డున పడ్డట్టే.

నోటీసు పట్టుకుని ఎదురింటికి పరిగెత్తాను. ఎదురింట్లో రేకుల పిన్ని, రేకుల బాబాయి. బాబాయి పొద్దస్తమానం రేకు కొట్టి బకెట్లూ గరాటాలూ చేస్తాడు. వాళ్ళు నాకు రక్తసంబంధం కాదు గానీ, నేను జ్వరంతో మూలపడితే మా ఆడపిల్లలిద్దరికీ అన్నం పెట్టి, జడలు వేసి బడికి పంపేది పిన్నే. నోటీసు సంగతి విని ఆవిడ నడుముకి కొంగు బిగించింది.

"నువ్వేం బెంగపెట్టుకోకే. అతనొచ్చిన రోజు ఈ సందులో పిల్లి కూడా మ్యావ్ అనకూడదు. ఆ సంగతి నేను చూసుకుంటా" అంది.

అన్నంత పనీ చేసింది. ఇల్లిల్లూ తిరిగి అందరికీ చెప్పింది. కొలిచే మనిషి వచ్చిన రోజు బాబాయి సుత్తి కిందపెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిమంతుడిలా గడపలో కూర్చున్నాడు. పొద్దున లేస్తే రేడియో గొంతు పెంచే టైలరు దాన్ని ఆపేశాడు. మేడ మీద పాఠాల మాస్టారు పిల్లల చేత ఎక్కాలు వల్లెవేయించకుండా కాపీ రాయించాడు. నీళ్ళ మోటారు కూడా ఎవరూ వెయ్యలేదు. మాకోసం సందు సందంతా ఊపిరి బిగబట్టింది. అది చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతమంది మనవాళ్ళుండగా ఏ ఆఫీసు మాత్రం మనల్నేం చేస్తుందిలే అనుకున్నాను.

కొలతల అతను కుర్రవాడే, నెమ్మదస్తుడు. నర్సమ్మ కిటికీ దగ్గర మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, దాని మీద కొలిచే పెట్టె బిగించాడు. ఆ పెట్టె మైకుకి నల్లటి స్పాంజి టోపీ ఒకటి. మిషన్ ఇంకా వెయ్యొద్దన్నాడు. చాలాసేపు పెట్టె వైపు చూశాడు. తర్వాత సందు వైపు చూశాడు.

"ఇక్కడ ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అమ్మా?" అని అడిగాడు.

"ఎప్పుడూ ఇలాగే సార్. మా సందంత నెమ్మదైన సందు మీకు ఊళ్ళోనే కనపడదు" అన్నాను, ఛాతీ విరుచుకుని.

అతను తల ఊపి ఏదో రాసుకుని, ఇప్పుడు మిషన్ వెయ్యమన్నాడు. నేను సైగ చేశాను. మా ఆయన వేశాడు. పాపం, పసిపిల్లని జోకొట్టినట్టు మెల్లగా, కొంచెం కొంచెమే దూది అందించాడు. అయినా కుర్రవాడి మొహం మాడిపోయింది.

"హద్దు దాటిందమ్మా" అన్నాడు.

"ఇంత మెల్లగా తిప్పితే కూడానా?"

"ఒట్టి మిషన్ చప్పుడెంత అన్నది కాదమ్మా లెక్క. ముందు సందు మామూలు చప్పుడు కొలుస్తాం. మీ మిషన్ దాని మీద ఎంత పైకి లేచిందో చూస్తాం. గోలగా ఉండే సందయితే మీ చప్పుడు అందులో సగం కలిసిపోయేది. ఇంత నిశ్శబ్దంలో మీదొక్కటే కొండంత ఎత్తు లేచింది."

నాకు తల తీసుకెళ్ళి గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "అయ్యో బాబూ, మామూలుగా ఇలా ఉండదు! మీరొస్తున్నారని అందరూ నోళ్ళు కట్టేసుకున్నారు!"

"అందుకే కదమ్మా ముందే అడిగాను. ఎప్పుడూ ఇలాగే అన్నారు. రాసేశాను కూడా." అతను నిజంగానే బాధపడ్డాడు, అబద్ధమెందుకు. ఇంకోసారి కొలవమని అర్జీ పెట్టుకోవచ్చనీ, అప్పుడూ ఇలాగే తేలితే మాత్రం మిషన్ సందులోంచి తీసేయాల్సిందేననీ చెప్పాడు. సీలు వేశాడు. ఏమంటున్నాడని మా ఆయన నా మొహంలోకి చూస్తుంటే, "మిషన్ ఆపేశారండీ!" అని ఆ నిశ్శబ్దంలో అరిచి చెప్పాల్సొచ్చింది. అంత అవమానం నేనెన్నడూ పడలేదు.

సంగతి తెలిసి పిన్ని నెత్తి బాదుకుంది. "నా చేతులతో నేనే నీ కొంప ముంచానే తల్లీ!" అని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "రెండోసారి రానీ, చెప్తాను. మీ బాబాయి సుత్తి దెబ్బకి ఆ పెట్టె పగిలిపోవాలి" అంది. అంత దుఃఖంలోనూ ఇద్దరం నవ్వుకున్నాం.

అర్జీ మీద కదలిక రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా దూదిని కర్రలతో కొట్టి చేత్తో ఏకాం. రోజంతా కొడితే ఒక్క పరుపు తయారవడం గగనం. మా ఆయన సాయంత్రాలు మిషన్ పక్కన స్టూలేసుకుని, జబ్బు మనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చునేవాడు.

ఆ రోజుల్లోనే సందు మారడం మొదలైంది. మా దూదినుసి భయానికి ఎప్పుడూ మూసి ఉండే కిటికీలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. మాస్టారి గొంతు బొంగురు తగ్గింది. బాబాయి వాళ్ళమ్మ ముసలావిడ పగటిపూట కునుకు తీయడం మొదలుపెట్టింది. బాబాయి కూడా రేకు పని చాలావరకు పెరట్లోకి మార్చుకున్నాడు, అమ్మ లేస్తుందని. టైలరు రేడియో గొంతు తగ్గించాడు, ఇప్పుడు తక్కువలోనే పాట మాటలు తెలుస్తున్నాయని. ఒకరోజు మధ్యాహ్నం నేను గడపలో కూర్చుని ఉంటే, ఎక్కడో ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు వినిపించింది. హాయిగా ఉందే అనిపించింది. వెంటనే నన్ను నేనే చెడతిట్టుకున్నాను. నీ తిండి పోతుంటే నీకు హాయేమిటే అని.

ఒక సాయంత్రం కుళాయి దగ్గర టైలరు పెళ్ళాంతో మాస్టారి భార్య అంటోంది: "ఇన్నేళ్ళూ ఆ హోరులో అసలెలా బతికామంటావ్?" నన్ను చూసి, నీళ్ళు సన్నగా వస్తున్నాయని మాట మార్చింది. రెండు మాటలు అనేసేదాన్నే. కానీ వాళ్ళతో అవసరం ఉన్నది నాకు. నాలుక కరుచుకుని బిందె ఎత్తుకుని వచ్చేశాను.

రెండోసారి కొలిచే రోజు ఖాయమయ్యాక గడపగడపకీ వెళ్ళాను. "ఎక్కువేం చెయ్యక్కర్లేదు. ఎప్పటిలా ఉండండి, చాలు. నేను బాగుపడాలంటే మీరు మామూలుగా ఉండాలి" అని బతిమాలాను. ఎవరూ కాదనలేదు. "అంతకన్నానా" అన్నాడు టైలరు. "అదెంత భాగ్యం" అన్నాడు మాస్టారు. పిన్ని ఆరిన బట్టలు మడతపెడుతూ, "నువ్వు చెప్పాలటే?" అంది. అంది గానీ తలెత్తి నా వైపు చూడలేదు. పని తొందరలో ఉందనుకున్నాను.

ఆ రోజు కొలతల కుర్రవాడు సీలు విప్పి, స్టాండు నిలబెట్టాడు. మా ఆయన శుభ్రంగా గడ్డం గీసుకుని మిషన్ దగ్గర నిలబడ్డాడు. నేను సందులోకి వచ్చి చూశాను.

టైలరు షట్టరు సగం దించి ఉంది. మేడ మీద పిల్లలున్నారు, మెట్ల కింద వాళ్ళ చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి, కానీ ఒక్క ఎక్కం వినిపించలేదు. ఎదురింటి తలుపు వేసి ఉంది. బాబాయి చెప్పులు గడప బయటే ఉన్నాయి.

"ఈసారీ ఎవరికైనా చెప్పారా అమ్మా?" అన్నాడు కుర్రవాడు.

"చెప్పాను బాబూ. మామూలుగా ఉండమనే చెప్పాను."

అతనికి అర్థమైంది. "కాసేపు ఆగుదాం" అన్నాడు జాలిగా. ఆగాం. టైలరు ఇంట్లో చంటిపిల్ల ఏడుపందుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తల్లి దాన్ని ఎత్తుకుని లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపేసుకుంది. ఏడుపు ఆగిపోయింది.

నేను ఎదురింటి తలుపు తట్టాను. "పిన్నీ" అన్నాను. నేనెప్పుడూ అంత మెల్లగా ఎవర్నీ పిలవలేదు. తలుపుకి అవతలే, నాకు జానెడు దూరంలో, గాజులు గలుక్కుమనబోయి, ఎవరో చేత్తో అదిమిపట్టుకున్నట్టు ఆగిపోయాయి. "పిన్నీ, నేనే" అన్నాను మళ్ళీ. తలుపు తెరుచుకోలేదు. పోయినసారి నాకోసం ఏడ్చిన మనిషే ఆవిడ. ఆ ఏడుపు నిజమే. ఇదీ నిజమే. తిట్టడానికి నోరు తెరిచాను గానీ, ఏమని తిట్టాలో తెలియలేదు. వాళ్ళు చెయ్యని పనికి వాళ్ళనేం తిట్టను?

"ఇక కొలవాలమ్మా, వేరే చోటికి కూడా పోవాలి" అన్నాడు కుర్రవాడు.

కొలుచుకోమన్నాను. అతను పెట్టె వైపు చూసి, సందు మామూలు చప్పుడు రాసుకున్నాడు. మిషన్ వెయ్యమన్నట్టు నా వైపు చెయ్యి ఊపాడు. నేను కొట్టు గుమ్మంలోకి వెళ్ళాను. మా ఆయన స్విచ్ మీద చెయ్యి పెట్టుకుని, ఆశగా నా మొహంలోకి చూస్తూ అరిచాడు.

"బాబాయి కొడుతున్నాడా? రేకు గట్టిగా కొడుతున్నాడా?"

సందంతా విని ఉంటుంది ఆ కేక. కుర్రవాడు తల దించుకున్నాడు.

"కొడుతున్నాడండీ, చెవులు పగిలిపోతున్నాయి" అని అరిచి చెప్పాను. మా ఆయన నవ్వి స్విచ్ వేశాడు.