అక్క గుడ్డు ఒలిచిన రోజు

మార్చి తొమ్మిదో తేదీ. పొద్దున్న ఇద్దరం ఉడకబెట్టిన గుడ్లు, కాల్చిన రొట్టె తిన్నాం. ఆ తేదీ నాకు గుర్తుండిపోవడానికి కారణం, ఆ రోజు అక్క తన గుడ్డు తానే ఒలుచుకుంది.

మామూలుగా అక్క గుడ్డు కూడా నేనే ఒలుస్తాను. నా భార్య పోయాక తోడుగా ఉంటానని అక్క నా దగ్గరికి వచ్చేసింది. తర్వాత కొన్నాళ్లకు ఆవిడకు కీళ్లవాతం పట్టుకుంది. వేళ్ల కణుపులు, మణికట్లు ఉబ్బుతాయి. తెల్లారి చేతులు తెరుచుకోవడానికి గంటకు పైగా పడుతుంది. అంతసేపూ ముసుగు తన్ని పడుకుని, బద్ధకమని నాకు చెబుతుంది. నేనూ నమ్మినట్టే ఉంటాను.

“చూశావా బుజ్జీ, పెంకు ఎంత నున్నగా వచ్చిందో,” అంది.

నాకు అరవై దాటాయి. ఆవిడకు ఇంకా బుజ్జీనే.

ఆ రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఈసారి కూడా కీళ్లలో వాపు మిగిలి ఉంటే మందు మార్చాలని డాక్టరమ్మ కిందటిసారే చెప్పింది. ఊరుకుంటే లోపల ఎముక అరిగిపోతుంది, వంకర పోయిన వేళ్లు మళ్లీ తిన్నగా అవవు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకుంటుంది. ఆ తర్వాతే అక్క చెయ్యి అందుకుంటుంది. ఒక్కో కణుపునీ తన బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కుతుంది, అంతకు మించి నొక్కదు. నొక్కేటప్పుడు చూపు మాత్రం అక్క మొహం మీదే ఉంటుంది.

“ఇక్కడ?”

“ఊహూఁ.”

“ఇక్కడ?”

“ఏమీ లేదు తల్లీ. నీ హస్తవాసి మంచిది.”

“పొద్దున్న బిగుతు ఎంతసేపు ఉంటోందమ్మా?”

“ఎంతసేపేంటి, ఇలా లేచి అలా కాఫీ కలిపేస్తాను.”

ఆ కాఫీ కలిపేది నేను.

డాక్టరమ్మ మొహం వికసించింది. “అయితే పాత మందే కొనసాగిద్దాం,” అంటూ కలం తీసింది. అక్క ఆ మొహాన్నే ముచ్చటగా చూస్తోంది. అప్పుడు తట్టింది నాకు, ఈవిడ ఏం చేసిందో, ఎందుకు చేసిందో.

చిన్నప్పుడు అక్క మీద చాడీలు చెప్పి తిన్న మొట్టికాయలు నేనింకా మర్చిపోలేదు. అయినా ఆ వేళ్ల వంక చూస్తుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

“డాక్టరుగారూ, అక్క ఇవాళ గుడ్డు ఒలిచింది,” అన్నాను.

“మంచిదే కదండీ?”

“నిన్న ఒలవలేదు. మొన్నా ఒలవలేదు. పోయినసారి మీ దగ్గరికి వచ్చిన రోజు మాత్రం ఒలిచింది.”

అక్క చూసిన చూపు నెత్తి మీద ఠంగున తగిలింది.

కలం ఆగింది. “అమ్మా, నొప్పి మాత్ర ఏమైనా వేసుకుని వచ్చారా?”

“ఒకటి.”

నేను దగ్గాను.

“రాత్రి ఇంకోటి,” అంది అక్క. “పరీక్షకి చదువుకుని రావడం కూడా తప్పేనా?”

“ఉద్యోగం చేసినన్నాళ్లూ లెక్కలు చెప్పావు. కాపీ కొట్టిన పిల్లల్ని ఎంతమందిని బయటికి పంపించావక్కా?”

“నువ్వు నోర్ముయ్యి బుజ్జీ.” తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించింది. “కిందటిసారి కాస్త తగ్గిందని ఎంత సంబరపడ్డావమ్మా. నీ మొహం చిన్నబోతే చూడలేననిపించింది.”

డాక్టరమ్మ కాసేపు ఆవిడ చెయ్యి వదల్లేదు. “నా మొహం సంగతి నేను చూసుకుంటాను. మీ మణికట్టు సంగతి చెప్పండి నాకు. ఆ మాత్ర నొప్పిని దాచేస్తుంది, స్కానులో వాపుని కూడా కొంత దాచొచ్చు. రెండు రోజులు మానేసి రండి. మరీ ఓర్చుకోలేకపోతే ఫోన్ చెయ్యండి.”

ఆ రెండు రోజులూ అక్క మాత్ర ముట్టలేదు. నేను గుడ్లు ఒలిచాను, చెప్పుల పట్టీలు పెట్టాను. పెట్టినంతసేపూ నా గోళ్లు పెరిగాయని సాధించింది.

మళ్లీ వెళ్లినప్పుడు మొదటి కణుపు దగ్గరే అక్క కనుబొమ్మ ఎగిరింది. “అబ్బా,” అంది. రెండోదానికీ అంతే. తర్వాత స్కాను. మణికట్టుకు రాసే జెల్‌ను కూడా డాక్టరమ్మ ముందు తన గుప్పిట్లో వెచ్చబెట్టింది. తెర మీద బూడిదరంగు మబ్బుల్లాంటివి, వాటి మధ్య ఎర్రటి మిణుకులు కనిపించాయి.

“ఆ ఎరుపంతా వాపున్న చోటికి పరిగెడుతున్న రక్తమమ్మా.”

“ఇంత ఉందా?” అంది అక్క.

“ఉంది. కనిపించింది కదా, ఇక దాని పని పడదాం. రక్తపరీక్షలు చూసుకుని సూదిమందు మొదలుపెడదాం.”

ఆ అమ్మాయి మొహం ఏమీ చిన్నబోలేదు. పైగా చేతులు కట్టుకుని తెర వైపు పంతంగా చూస్తోంది. అక్క ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

అక్క గది తలుపుకు గుండ్రటి పిడి ఉంది. అది తిప్పలేక ఆవిడ రోజూ రాత్రి భుజంతో తలుపు నెట్టి వేసుకుంటుంది. నేను వేస్తానంటే ఒప్పుకోదు. ఆ ధడేల్‌మన్న చప్పుడు విననట్టు ఉండడం నాకు అలవాటైపోయింది. ఆ రాత్రి మాత్రం పిలిచింది.

“బుజ్జీ, ఆ తలుపు కాస్త వెయ్యరా. నావల్ల కావట్లేదు.”

వెళ్లాను. దుప్పటి సర్దాను.

“రేపు గుడ్డు నువ్వే ఒలువు,” అంది కళ్లు మూసుకునే. “పెంకు మిగిల్చావంటే ఊరుకోను.”

నా భార్య తలుపు వేసేటప్పుడు పిడి ముందే తిప్పి పట్టుకునేది, గొళ్లెం చప్పుడవకుండా. నేనూ అలాగే తిప్పి పట్టుకుని, తలుపు దగ్గరికి లాగి, మెల్లగా వదిలాను.