సక్కుబాయి పెట్టిన చుక్క

సక్కుబాయి ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఉస్మాన్‌గంజ్ గోదాముల్లో చింతపండు గింజలు తీసీ తీసీ, బస్తా పైన మంచి పండు పరిచి కింద పీచు కుక్కే సేట్లను ఎందరినో చూసింది. అందుకే కూతురు రాజమణి ఒక సాయంత్రం ఎగురుకుంటూ వచ్చి, "అమ్మా, నా ఫోటో క్యాలెండర్ల వేస్తరట!" అన్నప్పుడు, ముందు రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఎవడు వాడు?"

రాజమణి బేగంబజార్‌లో ఒక గాజుల దుకాణంలో పనిచేస్తుంది. పురుషోత్తం అనే ఫోటోగ్రాఫర్ ఆమెను అక్కడే చూశాడు. గాజుల క్యాలెండర్‌కు ఫోటో తీస్తాననీ, అది నచ్చితే బొంబాయిలో మోడలింగ్ పని ఇప్పిస్తాననీ చెప్పాడు. పిల్ల అందగత్తె, ఆ సంగతి గల్లీకీ తెలుసు, పిల్లకీ తెలుసు. రాజమణి తండ్రి పోయాక ఆ ఇంటికి వచ్చిన మంచి కబురు ఇదొక్కటే. సక్కుబాయికి మాత్రం ఆశ ఉండదా? కానీ ఆడపిల్ల పేరు ఒకసారి పోతే మళ్లీ రాదు. పేరు పోకుండా బిడ్డ కోరిక తీరాలి. ఆమెకు కావలసింది అంతే.

"పోదాం. గాని నేనొస్త. తలుపు మూస్తే లేచొస్తం. ఆడ చాయ్ తాగద్దు, నీళ్లు తాగద్దు. ఇంటికాడ కట్టిన చీర మీదనే ఫోటో. పైసలు అడిగితే చెప్పు తీస్త."

పక్కింటి అక్తరున్నీసా ఈ మాటలు విని ఇంకొకటి చేర్చింది. "రీలు గూడ అడిగి తెచ్చుకో సక్కుబాయీ. మా బిడ్డ జాహెదా షాదీల ఫోటోలు తీసినోని కాడికెళ్లి రీలు తీస్కున్నంకనే మా ఆయిన ఇంటికొచ్చిండు. మన ఆడోళ్ల షకల్ పరాయి మొగోళ్ల చేతుల ఎందుకుండాలె?"

సక్కుబాయి పకపకా నవ్వింది. "ఆ రీలుల ముఖాలు నలుపు తెలుపు తిరగబడి దయ్యాల లెక్కుంటయ్ వదినా! వాటితోని వాడేం జేస్కుంటడు?"

తురకోళ్ల పరదా పట్టింపు అనుకుని ఊరుకుంది. అన్ని కంతలూ మూసి ఆ ఒక్కటీ వదిలేసింది.

ఫోటో తీసే చోటు ఉస్మాన్‌గంజ్‌లో ఒక మేడ మీది గది. పురుషోత్తం పెద్దమనిషిలాగే ఉన్నాడు. "నువ్వు నా తల్లి లెక్క, గా కుర్చీల కూసో అమ్మా" అన్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంచాడు. చాయ్ వద్దంటే బలవంతపెట్టలేదు, పిల్ల దగ్గరికి రాలేదు, పైసా అడగలేదు. పైసలడిగేవాడూ చెయ్యివేసేవాడూ దొంగలని సక్కుబాయికి తెలుసు. వీడు రెండూ కాకపోయేసరికి ఆమె గుండె కుదుటపడింది. ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు!

ఫోటో తీసే ముందు సక్కుబాయి లేచి బొడ్లోంచి కాటుక బరిణె తీసింది. గల్లీలో ఏ ఇంట పిల్ల పుట్టినా దిష్టిచుక్క పెట్టేది ఆమే కాబట్టి ఆ బరిణె ఎప్పుడూ బొడ్లోనే ఉంటుంది. తూకపు రాయి పడి వంకరపోయిన వేలు ఆమెది. ఆ వేలితో పెట్టిన చుక్క గుండ్రంగా రాదు, చింతగింజలా పక్కకు సాగుతుంది. రాజమణి బుగ్గ మీద అలాంటి చుక్కే పెట్టింది.

"అమ్మా, చుక్క ఫోటోల పడ్తది" అన్నాడు పురుషోత్తం.

"పడనీ. లోకమంత చూసే ఫోటో. ఎవని కన్ను ఎసొంటిదో!"

రాజమణి గాజుల చెయ్యి గడ్డం కింద పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి సక్కుబాయికి కళ్లు చెమర్చాయి.

కొత్త సంవత్సరం క్యాలెండర్లు వచ్చాయి. ఒక్కదాని మీదా రాజమణి లేదు. ఉస్మాన్‌గంజ్ వెళ్లి చూస్తే మేడ గదికి తాళం. ఖాళీ చేసి ఎటో పోయాడన్నారు. పిల్ల ఏడ్చింది. "పోతే పోనీ బిడ్డా, మనదేం పోయింది?" అని ఓదార్చింది తల్లి.

ఆ తర్వాత గల్లీ గాలి మారింది. రాజమణి నడుస్తుంటే పోరగాళ్లు మూతులు మూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. పెద్దమగాళ్లు తల దించుకుని పోతున్నారు. దుకాణం సేటు, "కొన్ని దినాలు రాకు బేటీ, లొల్లి తగ్గినంక సూద్దాం" అన్నాడు. ఏం లొల్లి అంటే చెప్పడు. చివరికి అక్తరున్నీసా వచ్చి సక్కుబాయి చెయ్యి పట్టుకుంది.

"మా ఆయిన నీకు చెప్పలేక నాకు చెప్పిండు. అఫ్జల్‌గంజ్‌ల బస్సులాగే కాడ, వెనక మొగోళ్ల మూత్రిశాల లేదా... ఆ గోడ నిండ పోస్టర్లట. మగతనం మందుకు. మన రాజమణి బొమ్మ."

"ఇంకెవరో అయ్యుంటది!"

"చుక్క నీదే సక్కుబాయీ. మా మనవళ్ల బుగ్గల మీద పెట్టే చుక్కనే."

గల్లీలో మగపుట్టుక పుట్టిన ప్రతివాడూ ఆ గోడ ముందు నిలబడి వచ్చాడు. వాళ్లలో సగంమందికి పసితనంలో చుక్క పెట్టింది ఈ సక్కుబాయే. ఒక్కడంటే ఒక్కడు గోటితో గీకి పారేయలేదు. సిగ్గు మాత్రం పిల్ల పడాలట!

సక్కుబాయి పోలీసుల దగ్గరికి పోయింది. అక్కడి జమేదారు కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు. "గిసొంటి ముఖాలు మస్తుంటయ్. నీ బిడ్డేనని ఏం గ్యారంటీ?"

"చుక్క నేనే పెట్టిన సారూ, గీ వేలుతోని."

"అంటే పక్కనుండి నువ్వే తీయిపిచ్చినవ్. మల్ల కేసు ఎవల మీద రాయాలె? నీ మీదనా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆమె బయటికొచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగానే బకెట్‌తో నీళ్లు పట్టుకుని అఫ్జల్‌గంజ్ బయలుదేరింది. రావద్దన్నా రాజమణి వెంట వచ్చింది. "ఏయ్, ఇది మొగోళ్లది!" అని ఎవడో అరిచాడు. సక్కుబాయి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి నడిచింది. నీళ్లు కొట్టింది, గోళ్లతో గీకింది. చిక్కటి మైదా లైతో అంటించిన కాగితం ఊడి రాలేదు.

రాజమణి తన బొమ్మను మొదటిసారి చూసింది. చాలాసేపు అలాగే చూసింది.

"మంచిగనే పడ్డ గదమ్మా" అంది. అని, గోడకు వీపు పెట్టి ఏడ్చింది.

సక్కుబాయి బొడ్లోంచి కాటుక బరిణె తీసింది. వంకరవేలు బొమ్మ బుగ్గ మీది చుక్కకు ఆనించి రుద్దడం మొదలుపెట్టింది. చుక్క బుగ్గంతా పాకింది. ముక్కు, కళ్లు, నవ్వే పెదవులు, అన్నీ కాటుకలో మునిగిపోయాయి.

ఒక్క ముఖానికే బరిణె ఖాళీ అయింది. గోడ పొడుగునా మిగతా రాజమణులు నవ్వుతూనే ఉన్నారు.