ఆరు వారాల చపాతీలు

2007 జూన్‌లో ఒక ఉదయం ఏడింటి బ్యాచ్‌కి పాఠం చెబుతూ సంహిత కళ్ళు తిరిగి పడిపోయింది. అమీర్‌పేటలో ఒక బిల్డింగు మూడో అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె ఒరాకిల్ చెప్పేది. ఇరుకు గదిలో ఎనభై మంది. లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పక్క గదిలో డాట్‌నెట్ చెప్పే మతీన్ వచ్చి మొహాన నీళ్ళు చల్లాడు.

"జర గట్లనే కూసోండ్రి మేడమ్. లేవకుండ్రి," అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "కడుపు సుత ఖరాబ్ ఉంటదా మీకు?"

సంహిత సిగ్గుతో తలూపింది. రెండేళ్ళుగా అదే తంతు. తిన్న గంటకు కడుపు ఉబ్బరం, విరేచనాలు. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పట్టదు. ఇరవై ఎనిమిదేళ్ళకే జుట్టు సగమైంది.

"మా చెల్లె అల్ఫియాకు గిట్లనే ఉండె. ఆఖరికి గోధుమ పడతలేదని తేల్చిన్రు. సీలియాక్ అంటరు. రొట్టె బంద్ చేసినంక మంచిగైంది. మీరు సుత జర చూపించుకోండ్రి."

చూపించుకోలేదు. ఆ సాయంత్రం ల్యాబ్ ఖాళీ అయ్యాక నెట్‌లో ఆ పేరు కొట్టి చదివింది. ఒక్కొక్క లక్షణం తన గురించే రాసినట్టుంది. కాకినాడలో ఉన్నన్నాళ్ళూ మూడు పూటలా అన్నమే. తండ్రి పోయాక తల్లి సీతామహాలక్ష్మితో పంజాగుట్ట వచ్చింది. రెండేళ్ళ క్రితం తల్లికి షుగరని తెలిసినప్పటి నుంచి ఇంట్లో రాత్రి చపాతీలు, పొద్దున గోధుమరవ్వ ఉప్మా. లెక్క సరిగ్గా సరిపోయింది.

మర్నాటి నుంచే మానేసింది. చపాతీ, ఉప్మా, బ్రెడ్డు, సేమ్యా, బిస్కెట్టు అన్నీ. నెట్‌లో చదివి ఇంగువ డబ్బా తిప్పి చూస్తే దాంట్లోనూ గోధుమపిండి ఉంది. చారులో ఇంగువ వద్దంటే సీతామహాలక్ష్మి చిరాకు పడింది.

"ఇంగువలో ఏముందే? అన్నం తింటే తగ్గిపోయేది జబ్బెలా అవుతుంది? అందరూ అన్నం మానమంటుంటే నువ్వేంటి, తినాలంటావు?"

కానీ తగ్గింది. మూడు వారాలకు కడుపు కుదుటపడింది. రెండు నెలలకు మెట్లు ఆగకుండా ఎక్కగలిగింది. అప్పుడు వెళ్ళింది పంజాగుట్టలో డాక్టర్ అరుణాదేవి దగ్గరికి, ఇక ఆ మాట ఖాయం చేసుకుందామని.

రక్తపరీక్షలో ఏమీ లేదని వచ్చింది.

"మీరు గోధుమ మానేసి వచ్చారు. మానేశాక ఈ పరీక్షలో దొరక్కపోవచ్చు," అంది డాక్టరు. "మళ్ళీ తినాలి. రోజుకు రెండు చపాతీలు, ఆరు వారాలు. తర్వాత ఎండోస్కోపీ చేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూస్తాం."

"తినకుండా ఉంటే బాగానే ఉన్నాను కదండీ. ఇలాగే ఉండిపోతే?"

"ఉండొచ్చు. కానీ ఇది జీవితాంతం పాటించాల్సిన పథ్యం. వేరే జబ్బేదైనా ఉంటే అది దాగిపోతుంది. తెలుసుకోవడం మంచిది." కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "తోబుట్టువులున్నారా?"

"చెల్లెలు ఉండేది. రాగసుధ. ఆరేళ్ళప్పుడు పోయింది."

"ఏం జబ్బు?"

"ఎవరూ చెప్పలేదు. ఎప్పుడూ విరేచనాలు. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి, పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది."

అరుణాదేవి రాయడం ఆపింది. "ఏం పెట్టేవారు?"

"పాలల్లో రస్కు. బ్రెడ్డు. వేరే ఏం పెట్టినా కక్కేసేది."

చెబుతుండగానే, తను మానేసినవీ అవేనని సంహితకు తట్టింది. "ఇన్నేళ్ళ తర్వాత ఆ పాప సంగతి ఎవరూ చెప్పలేరమ్మా," అంది డాక్టరు.

సంహిత బయటికొచ్చి చౌరస్తాలో చాలాసేపు నిలబడింది. అమీర్‌పేట బస్సులు మూడు వెళ్ళిపోయాయి. పదేళ్ళ పిల్లగా తను చూసినవన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. తల్లి ఒళ్ళో రాగసుధ. రస్కు నానబెట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊది, ఒక్కొక్క ముద్దే పెట్టే తల్లి. "ఇదొక్కటీ తిను నా బంగారం." పరీక్ష మానేస్తే తన జబ్బుకు పేరుండదు. పేరు లేకపోతే రాగసుధ కథ ఎప్పటిలాగే విధిరాత, అమ్మ చేతి రస్కు కాదు.

నాలుగు రోజులు అలాగే గడిపింది. ఐదో రోజు, తెలియకుండా ఉండలేననుకుని తల్లితో, "డాక్టరు చపాతీలు తినమన్నారమ్మా," అంది.

"చూశావా, నేను చెప్పలేదూ!" సీతామహాలక్ష్మి మొహం విప్పారింది. ఆ రాత్రి నెయ్యి రాసి మెత్తగా చేసి పెట్టింది. సంహిత రెండూ తిన్నది.

రెండో వారానికి పాత బాధంతా తిరిగొచ్చింది. నాలుగో వారంలో క్లాసు మధ్యలో రెండుసార్లు బయటికి పరుగెత్తింది. విద్యార్థులు గొడవ చేస్తే ఏడింటి బ్యాచ్‌ని వేరేవాళ్ళకిచ్చారు. మతీన్ ఆ మాట చెప్పడానికి తడబడి, "ఫికర్ చేయకుండ్రి, మళ్లొస్తది," అన్నాడు. ఆరు వారాలూ పూర్తి చేసింది. ఎండోస్కోపీ అయింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది. సీలియాకే.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది, చెల్లెలి ఊసు తప్ప. సీతామహాలక్ష్మి విని, కూరగాయలు తరుగుతున్న చేయి ఆపింది.

"ఇది పుట్టుకతో వస్తుందా?"

"ఇంట్లో ఒకళ్ళకుంటే ఇంకొకళ్ళకు ఉండొచ్చట. నిన్ను కూడా పరీక్ష చేయించుకోమన్నారు."

"రాగసుధకు ఇదేనా?"

ఎవరూ చెప్పలేరు అనే మాట సంహిత దారి పొడవునా నేర్చుకుంటూ వచ్చింది. అదే అంది.

"నీకేమనిపిస్తుందో చెప్పు."

సంహిత కింద పడ్డ తొడిమలు ఏరసాగింది. సీతామహాలక్ష్మికి అర్థమైంది.

"కాకినాడలో డాక్టరు కూడా బ్రెడ్డే పెట్టమన్నాడు," అందావిడ. "ఆఖర్న రెండు రోజులు వద్దని మూతి తిప్పుకునేది. నేనే బుగ్గలు నొక్కి పెట్టాను."

"నీకు తెలియదు కదమ్మా."

"తెలియదు," అని, మళ్ళీ వంకాయ అందుకుంది. ముక్కలు ఎంతకీ తెగలేదు. సంహిత కత్తిపీట పక్కకు జరిపి దగ్గర కూర్చుంటే, ఆవిడ ముట్టుకోనివ్వకుండా లేచి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

తర్వాత ఇంట్లోకి గోధుమ రాలేదు. జొన్నరొట్టె చేయడం పక్కింటి మంగవ్వ దగ్గర నేర్చుకుంది సీతామహాలక్ష్మి. సంహిత మెల్లగా కోలుకుంది. డిసెంబర్‌లో సాయంత్రం బ్యాచ్ ఒకటి దొరికింది. అంతకుముందు ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చిన్నకూతురి ముద్దుమాటలు చెప్పుకునే తల్లి ఆ పేరెత్తడం పూర్తిగా మానేసింది. పరీక్షకు మాత్రం ఎన్నిసార్లు అడిగినా రానన్న మనిషి, జనవరిలో ఒకరోజు తనే చీర మార్చుకుని బయల్దేరింది.

ఆవిడకు ఆ జబ్బు లేదని తేలింది. మంచి కబురని సంహిత రిపోర్టు చదివి వినిపించింది. సీతామహాలక్ష్మి కాగితం తీసుకుని, చదవడం రానిదానిలా అటూ ఇటూ తిప్పింది.

"నాకూ ఉంటే బాగుండేదే," అని మడిచి ఇచ్చేసింది.